మొక్కజొన్న విత్తనం ఏటా కొనాల్సిందేనా? హైబ్రిడ్ సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

విభాగం: పంటలు, విత్తనాలు

మెట్టరైతు (జంగారెడ్డిగూడెం వైపు)
అందరికీ నమస్కారం. రబీకి మొక్కజొన్న వేస్తున్నాం. సంచి రేటు ఏటికేడు పెరుగుతోంది. మా నాన్నది ఒకటే ప్రశ్న: "వరి విత్తనం మన గాదెలోంచే తీసి పోస్తున్నాం, మినుములు దాచుకుంటున్నాం, ఈ మొక్కజొన్నకే ఏమొచ్చింది?" కంపెనీవాళ్ళు గింజలో ఏదో కలుపుతారనీ, రెండో ఏడు మొలవకుండా చేస్తారనీ మా ఊళ్ళో గట్టి నమ్మకం. అది నిజమేనా? అసలు ఈ హైబ్రిడ్ పద్ధతి ఎక్కడ మొదలైంది, ఎవరు మొదలుపెట్టారు? ఎవరైనా వివరంగా రాస్తే నాన్నకి చదివి వినిపిస్తాను. తొందరేం లేదు.

అంకాపూర్_పక్కూరోడు
మొలుస్తది అన్నా, మొలవకపోవుడేం లేదు. మా ఊర్లె దాచిపెట్టి ఏసినోళ్ళు ఉన్నరు. మొలక మంచిగనే వచ్చింది. కని చేను జూస్తె ఒక మొక్క తలెత్తు, దాని పక్కది నడుమెత్తు. ఒకదానికి పీచు ముందే ఎండిపాయె, ఇంకోదానికి అప్పుడే వస్తున్నది. కంకులు గూడ అట్లనే, ఒకటి మూరెడు, ఒకటి జానెడు. మందులు, నీళ్ళు అన్నిటికి సమానంగనే పెట్టిండు పాపం. కోసినంక లెక్క జూస్తె సంచికి మిగిలిన పైసలకంటె పోయినయే ఎక్కువ.

మాది సీడ్ ఊరు. ఆడ సాళ్ళు, మగ సాళ్ళు పెట్టి విత్తనం పండిస్తం. అందుకే ఈ ముచ్చట నాకు జర ఎరుక. లోపలి సైన్సు మాత్రం రాజేంద్రనగర్ మేడమ్ చెప్పాలె.

బీజశోధన (రాజేంద్రనగర్)
మెట్టరైతు గారూ, గింజలో ఎవరూ ఏమీ కలపరు. పైన కనిపించే రంగు విత్తనశుద్ధి మందుది. రెండో ఏడు దిగుబడి పడిపోవడానికి కారణం మొక్కజొన్న పుట్టుకలోనే ఉంది.

వరి పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఒకే పొట్టులో ఉంటాయి. పువ్వు విచ్చుకునేసరికే దాని పుప్పొడి దానికే అంది ఉంటుంది. మినుము కూడా అంతే. అందుకని మీ గాదెలో దాచిన వరి ఏళ్ళ తరబడి తన రకంగానే నిలుస్తుంది. మొక్కజొన్నలో మగపూత నెత్తిమీద, ఆడది నడుము దగ్గర. పుప్పొడి గాలికి లేచి పక్క మొక్కల పీచు మీద పడుతుంది. ఈసారి లేత కంకి వలిచినప్పుడు జాగ్రత్తగా చూడండి: పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజ దగ్గరికి వెళుతుంది. ఏ పోగుకి పుప్పొడి అందలేదో ఆ చోట గింజ ఉండదు. అంటే కంకికి తల్లి ఒక్కటే గానీ, అందులో వందల గింజలకి తండ్రులు ఎందరో.

1900ల మొదట్లో జార్జ్ హారిసన్ షల్ అనే వృక్షశాస్త్రవేత్త న్యూయార్క్ రాష్ట్రంలో, లాంగ్ ఐలాండ్‌లోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో మొక్కజొన్న మీద పని మొదలుపెట్టాడు. దిగుబడి పెంచాలన్నది ఆయన ఉద్దేశమే కాదు. కంకి మీద గింజల వరుసలు కొన్నిటికి తక్కువ, కొన్నిటికి ఎక్కువ ఉంటాయి కదా, ఆ లక్షణం పిల్ల మొక్కలకి ఎలా సంక్రమిస్తుందో లెక్కగట్టడం ఆయన పని. అందుకోసం ఒక మొక్క పుప్పొడిని అదే మొక్క పీచుకి అంటించాడు. తరం వెంట తరం అలాగే చేశాడు. మొక్కలు పొట్టివైపోయాయి, కంకులు చిక్కిపోయాయి. కానీ ఒక్కో వంశంలో మొక్కలన్నీ అచ్చం ఒకే తీరుగా తయారయ్యాయి. వీటినే ఇన్‌బ్రెడ్‌లు అంటాం.

ఆ తర్వాత రెండు వేరు వేరు బక్క వంశాలను కలిపాడు. ఇలా కలిపితే వచ్చేదే సంకరం, అంటే హైబ్రిడ్. పుట్టిన మొక్కలు కోల్పోయిన బలమంతా తిరిగి తెచ్చుకోవడమే కాదు, కొన్ని జతలు మొదటి మొక్కజొన్నని మించి పండాయి. పైగా చేనంతా ఒకే ఎత్తు. 1908లో, 1909లో రెండు వ్యాసాల్లో ఈ సంగతి బయటపెట్టాడు. రైతు చేలో కనిపించే మొక్కజొన్న అంతా అసలు రకరకాల సంకరాల గుంపేననీ, అందులో మంచి జత ఏదో కనిపెట్టి ఏటా ఆ జతనే కొత్తగా కలుపుకోవాలనీ ఆయన వాదన.

ఇప్పుడు మీ నాన్నగారి ప్రశ్నకి వస్తాను. సంకర మొక్కలో ప్రతి జన్యువుల జంటలోనూ ఒకటి తల్లి వంశానిది, ఒకటి తండ్రి వంశానిది. ఆ మొక్కల గింజని దాచి వేస్తే, వచ్చే మొక్కల్లో సగటున సగం జంటల్లో రెండూ ఒకే వంశానివి అయిపోతాయి. సంకరం వల్ల కలిసొచ్చిన బలంలో సగం అక్కడే పోతుంది. ఏ మొక్కలో ఏ జంట పోయిందన్నది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. అంకాపూర్ తమ్ముడు చూసిన ఎచ్చుతగ్గులు అవే. ఎవరో కావాలని పెట్టిన తాళం కాదిది. కానీ ఈ తాళం కంపెనీలకి ఎంతగా కలిసొచ్చిందన్నది వేరే సంగతి, దాని మీద నాకూ అభిప్రాయాలున్నాయి.

అంకాపూర్_పక్కూరోడు
మేడమ్, ఒక డౌటు. ఆ బక్క మొక్కల మీదనే విత్తనం పండియ్యాలంటె ఎకరానికి ఏమెల్తది? రైతుకి గిట్టేటట్టు ఎట్ల అమ్మిన్రు?

బీజశోధన
అప్పటివాళ్ళందరికీ అడ్డం పడిన ప్రశ్న అదే తమ్ముడూ. షల్ ఆ వ్యాసాలు రాసిన పదేళ్ళ దాకా హైబ్రిడ్ కాగితం మీదే ఉండిపోవడానికి కారణం కూడా అదే. కనెక్టికట్ ప్రయోగ కేంద్రంలో ఎడ్వర్డ్ ఈస్ట్ కూడా అదే కాలంలో ఇన్‌బ్రెడ్‌ల మీద పనిచేశాడు. విత్తనం ఖర్చు చూసి, రైతుకి ఇది అందదని ఆయన వెనకాడాడు.

దారి చూపించింది అక్కడికే 1914లో వచ్చిన డొనాల్డ్ జోన్స్. రెండు ఇన్‌బ్రెడ్‌లు కలిపి ఒక సంకరం, ఇంకో రెండు కలిపి మరో సంకరం చేశాడు. మరుసటి ఏడు ఈ రెండు సంకరాలను ఒకదానితో ఒకటి కలిపాడు. రైతుకి అమ్మే గింజ ఇప్పుడు బక్క మొక్క మీద కాకుండా పుష్టిగా ఉన్న సంకర మొక్క మీద పండుతుంది. ఎకరానికి బోలెడు విత్తనం. కొద్దిపాటి ఇన్‌బ్రెడ్ గింజతో మొదలుపెట్టి రెండేళ్ళలో వేల ఎకరాలకి సరిపడా తీయొచ్చు. దీన్నే డబుల్ క్రాస్ అంటారు. 1917, 1918 నాటి సంగతి. నా మట్టుకు హైబ్రిడ్ మొక్కజొన్నని ప్రయోగశాలలోంచి చేలోకి దించినవాడు జోన్సే. షల్ పేరు తెలిసినంతగా ఈయన పేరు తెలియదు, అది నాకెప్పుడూ లోటుగానే అనిపిస్తుంది.

ఇన్‌బ్రెడ్‌లు కూడా తర్వాత తర్వాత బాగా బలపడ్డాయి. 1960ల నుంచి అమెరికాలో నేరుగా రెండు ఇన్‌బ్రెడ్‌ల సింగిల్ క్రాస్‌లే అమ్మడం మొదలైంది. మీరు ఈరోజు కొంటున్నవి చాలావరకు అవే.

గోదారిపిల్ల_అయోవా
ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను. నేనుండేది అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని డెమోయిన్ నగరం పక్కన. ఊరు దాటితే చాలు, రోడ్డుకి రెండు పక్కలా మొక్కజొన్న, సోయా తప్ప ఇంకోటి కనపడదు.

ఇక్కడ హెన్రీ వాలెస్ పేరు తెలియని రైతు ఉండడు. వాళ్ళది వ్యవసాయ పత్రిక నడిపే కుటుంబం. ఆ రోజుల్లో మొక్కజొన్న పోటీలు జరిగేవి. రైతులు పది పది కంకులు ఏరి తెచ్చేవారు. వరుసలు నిటారుగా ఉండాలి, కంకి కొసదాకా గింజ నిండాలి, అన్నీ ఒకే సైజులో ఉండాలి. జడ్జీలు వాటిని చూసి బహుమతులిచ్చేవారు, ఆ కంకుల గింజే మంచి విత్తనమని అందరూ నమ్మేవారు. 1904 ప్రాంతంలో పదహారేళ్ళ వాలెస్, ఆ పోటీలకి పెద్ద పేరున్న ప్రొఫెసర్ హోల్డెన్ దగ్గర కొన్ని కంకులు తీసుకుని, ఒక్కో కంకి గింజని విడివిడిగా నాటి, పంట తూచాడు. అందంలో మొదటి వరుసలో నిలిచిన కంకులు దిగుబడిలో అడుగున ఉన్నాయి. "మొక్కజొన్నకి అందంతో ఏం పని?" అని అతనికి ఆ వయసులోనే అర్థమైంది.

తర్వాత షల్, ఈస్ట్, జోన్స్‌ల పని చదివి తనే ఇన్‌బ్రెడ్‌లు తీయడం మొదలుపెట్టాడు. కాపర్ క్రాస్ అనే హైబ్రిడ్ తయారుచేశాడు. 1923లో దాని విత్తనం పండించింది ఒక్కటంటే ఒక్క ఎకరం. విత్తనం కట్టాల్సిన వంశం సాళ్ళని ఆడ సాళ్ళంటారు; వాటి పుప్పొడి వాటికే పడకుండా మగపూత లాగేస్తే, పక్కనున్న మగ సాళ్ళ పుప్పొడే అందుతుంది. ఆ ఎకరంలో ఆడ సాళ్ళ మగపూతంతా ఒక్క మహిళే లాగేసింది. మరుసటి ఏడు ఆ రకానికి అయోవా దిగుబడి పోటీలో బంగారు పతకం వచ్చింది. 1926లో హైబ్రిడ్ మొక్కజొన్న కోసమే కంపెనీ పెట్టాడు. ఇప్పుడు పయనీర్ అని మనవాళ్ళు సంచుల మీద చదువుతున్నది ఆ కంపెనీ పేరే. 1933లో ఆయన అమెరికా వ్యవసాయ మంత్రి, 1941లో ఉపాధ్యక్షుడు.

ఇక ఆ మగపూత లాగే పని ఇప్పటికీ ఉంది. యంత్రాలు చాలావరకు తీసేస్తాయి, మిగిలినవి మనుషులే తీయాలి. జులై వచ్చిందంటే మా వీధిలో పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలు చీకటితోనే లేచి బస్సులెక్కుతారు. మంచుకి ఆకులన్నీ తడిసి ఉంటాయి, అందుకని చెత్త సంచులకి తల, చేతులు పట్టేలా చిల్లులు చేసుకుని తొడుక్కుంటారు. పది గంటలకి అవి తీసేస్తే ఎండ మొదలు. ఆకు అంచు రంపంలా కోస్తుంది, చేతుల నిండా ఎర్రటి గీతలు. కాలేజీకి డబ్బు దాచుకున్నవాళ్ళు, మొదటి కారు కొనుక్కున్నవాళ్ళు ఈ పనితోనే.

అంకాపూర్_పక్కూరోడు
అక్కా, ఇక్కడ గా పని మా ఆడోళ్ళదే. ఇంట్ల మగోళ్ళ ఫుల్ చేతుల చొక్కాలు తొడుక్కుని, తలకి మొకానికి తువ్వాల చుట్టుకుని పొద్దుగాల్నే చేన్ల దిగుతరు. పైపూత ఆకుల్లకెంచి సగం బయటికొచ్చినప్పుడే ఒడుపుగ గుంజాలె. ముందు గుంజితె ఆకులు గూడ ఊడొస్తయి, గింజ తగ్గుతది. ఆలస్యమైతె పుప్పొడి రాలి ఆడ సాలు ఆడనే చెడ్తది. నాలుగు సాళ్ళు ఆడ, రెండు సాళ్ళు మగ. పక్క చేన్ల వేరే మక్క ఉంటె రెండొందల మీటర్ల దూరం ఉండాలె. రోజు ఇడిచి రోజు కాదు, రోజూ తిరగాలె. ఒక్క మొక్క మరిచిపోయినా కంపెనీ తరపు ఆర్గనైజర్ వచ్చి లొల్లి వెడ్తడు.

లెక్కలమాస్టారు (విజయనగరం)
నాకు ఆసక్తి ఒక్క చోట. 1930ల్లో అమెరికా రైతు చితికిపోయి ఉన్నాడు. 1932లో అయోవాలో మొక్కజొన్న ధర బుషెల్‌కి పది సెంట్ల దాకా పడిపోయింది. బుషెల్ అంటే పాతిక కిలోల పైచిలుకు. బొగ్గు కొనడం కంటే చవకని కొన్ని ఇళ్ళలో కంకుల్నే పొయ్యిలో పెట్టారు. అలాంటి రైతు, తన ఇంట్లో ఊరికే దొరికే విత్తనం మానేసి డాలర్లు పోసి సంచి ఎందుకు కొన్నాడు?

అయోవాలో 1933లో హైబ్రిడ్ వేసిన భూమి నూటికి ఒక వంతు కూడా లేదు. పదేళ్ళు తిరిగేసరికి దాదాపు మొత్తం హైబ్రిడే. వ్యవసాయ చరిత్రలో ఇంత వేగంగా మారినవి బహు తక్కువ. దీని మీద ఇద్దరు సామాజికవేత్తలు, రయన్, గ్రాస్, అయోవాలో రెండు పల్లెప్రాంతాల్లో రైతుల్ని అడిగి 1943లో ఒక పరిశీలన ప్రచురించారు. 259 మందిలో ఇద్దరు తప్ప అందరూ అప్పటికే మారిపోయారు. కానీ ఎవరూ గుడ్డిగా దూకలేదు. మొదటి ఏడు చేలో ఒక మూల కాస్త వేశారు, పక్కనే తమ పాత విత్తనం వేశారు. నచ్చితే మరుసటి ఏడు ఇంకాస్త పెంచారు. చాలామందికి కబురు తెచ్చింది కంపెనీ మనిషి, నమ్మకం కలిగించింది మాత్రం గట్టు అవతలి రైతు.

దీనికి కరువు కూడా తోడైంది. 1934లో, 1936లో మధ్య అమెరికా ఎండిపోయింది. పాత రకాలు పడిపోయిన చోట హైబ్రిడ్లు వేళ్ళు బలంగా ఉండి నిలబడ్డాయి. రోడ్డు మీద పోయే ప్రతి రైతుకీ ఆ తేడా కళ్ళారా కనిపించింది.

గోదారిపిల్ల_అయోవా
మాస్టారూ, ఇంకోటి కలపండి. కూన్ రాపిడ్స్‌లో రోజ్‌వెల్ గార్స్ట్ అనే ఆయన వాలెస్ విత్తనం అమ్మేవాడు. డబ్బు లేని రైతుకి విత్తనం ఊరికే ఇచ్చి, "నీ పాత విత్తనం కంటే ఎంత ఎక్కువ పండితే అందులో సగం నాకివ్వు" అని ఒప్పందం పెట్టుకునేవాడు. ఒకసారి అలా పంచుకున్న రైతు మరుసటి ఏడు డబ్బు పెట్టి కొనేసేవాడట, సగం ఇవ్వడం కంటే అదే లాభం కదా. సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ 1959 సెప్టెంబరులో ఈయన పొలానికే వచ్చాడు.

లెక్కలమాస్టారు
చాలా మంచి సంగతి చెప్పావమ్మా. మనూళ్ళలో విత్తనం అరువిచ్చి పంటంతా తనకే తోలమనే షావుకారుకీ, ఈయనకీ తేడా చూడండి. విత్తనం పండకపోతే నష్టం ఈయనది కూడా.

అయితే హైబ్రిడ్ అన్ని చోట్లా ఒకేసారి రాలేదు. జ్వీ గ్రిలిచెస్ అనే ఆర్థికవేత్త 1957లో దీన్ని లెక్కగట్టి చూపించాడు. అయోవాలో హైబ్రిడ్ వేసిన భూమి నాలుగేళ్ళలో నూటికి పది నుంచి నూటికి తొంభైకి ఎక్కితే, దక్షిణాదిన అలబామాలో మొదలవడానికే ఇంకో పన్నెండేళ్ళు పట్టింది. అక్కడి రైతు వెనకబడినవాడని కాదు. అయోవా హైబ్రిడ్ అలబామా నేలకీ ఎండకీ పనికిరాదు, అక్కడికి వేరే జతలు కట్టాలి. మార్కెట్ పెద్దగా లేని చోటికి కంపెనీలు నిదానంగా వెళ్ళాయి.

పాతగింజ (జహీరాబాద్ ప్రాంతం)
ఇంతసేపూ దిగుబడి గురించే మాట్లాడుతున్నారు. నేను విత్తనం గురించి మాట్లాడతాను.

ఆ ఇన్‌బ్రెడ్‌లు శాస్త్రవేత్తలు ఎక్కడినుంచి తీశారు? రైతుల గాదెల్లోంచి. ఇల్లినాయిలో రీడ్ అనే రైతు కుటుంబం 1840ల్లో ఒహాయో నుంచి ఒక ఎర్రటి రకం తెచ్చుకుంది. 1847లో మొలక సరిగా రాక, ఖాళీలలో స్థానికంగా దొరికిన చిన్న పసుపు రకం పెట్టారు. రెండూ కలిసిపోయాయి. తండ్రి, తర్వాత కొడుకు ఏళ్ళ తరబడి కంకులు ఏరుకుంటూ పోతే రీడ్ ఎల్లో డెంట్ అనే రకం తయారైంది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో దానికి బహుమతి వచ్చింది. తర్వాత అమెరికా హైబ్రిడ్లలో దాని రక్తం ఎంత ఉందో బీజశోధన గారే చెప్పాలి. ఆ పని చేసిన రైతుకి ఎవరూ రాయల్టీ కట్టలేదు. ఆయన గింజలోంచి తీసిన ఇన్‌బ్రెడ్ మాత్రం కంపెనీ బీరువాలోకి వెళ్ళింది, జత ఏమిటన్నది వ్యాపార రహస్యం అయింది.

హైబ్రిడ్ రాకముందు ప్రతి రైతూ కోతల్లో తన చేలో నడుస్తూ వచ్చే ఏటికి కంకి ఏరుకునేవాడు. ఆ పని పోయింది. ఆ పనితో పాటు ఆ చూపూ పోయింది. ఒక తరం ఏరడం మానేస్తే తర్వాతి తరానికి ఎలా ఏరాలో చెప్పేవాళ్ళుండరు. మా ప్రాంతంలో జొన్నలు, కొర్రలు, కందుల్లో ఆ చూపున్న ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. కంకిని కోయకముందే గుర్తుపెట్టుకుని, వేరే కట్టి, బూడిదలో వేపాకులో కలిపి దాస్తారు. వాళ్ళకి తెలిసినది ఏ సంచి మీదా అచ్చవదు.

గోదారిపిల్ల_అయోవా
పాతగింజ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ వాలెస్ తూచి చూపించిందేమిటి? కంటికి నచ్చిన కంకి పంటకి మంచిది కానక్కర్లేదనే కదా.

పాతగింజ
అమ్మా, అక్కడ ఓడింది రైతు చూపు కాదు, పోటీ జడ్జీల చూపు. బల్ల మీద పది కంకులు పేర్చి చూడటం వేరు. చేలో నిలబడి, ఈ మొక్క గాలివానకి పడిపోలేదు, ఆ మొక్కని పురుగు ముట్టలేదు, నీరు తక్కువైన మూలలో కూడా ఇది పండింది అని చూసి ఏరడం వేరు.

బీజశోధన
ఇద్దరూ చెప్పినదాన్లో బలం ఉంది. కాకపోతే పాతగింజ గారూ, మొక్కజొన్నలో చూసి ఏరడానికి ఒక హద్దుంది. మీరు తల్లి మొక్కని చూసి కంకి ఏరతారు. తండ్రి ఎవరో మీకు తెలియదు, పుప్పొడి ఏ మూలనుంచి వచ్చిందో చెప్పలేం. జొన్నలో, కొర్రలో తన పుప్పొడే ఎక్కువగా తనకి అందుతుంది కాబట్టి అక్కడ మీ ఆడవాళ్ళ ఎంపిక నేరుగా ఫలితమిస్తుంది. అమెరికాలో రైతులు తరాల తరబడి మొక్కజొన్న కంకులు ఏరినా, 1866లో లెక్కలు మొదలైనప్పటి నుంచి 1930ల దాకా దేశ సగటు ఎకరానికి 26 బుషెళ్ళ దగ్గరే ఆగిపోయింది. మన లెక్కలో సుమారు ఆరున్నర క్వింటాళ్ళు. 2023లో ఆ సగటు 177 బుషెళ్ళు, అంటే 45 క్వింటాళ్ళు.

ఇదంతా హైబ్రిడ్ ఘనతే అంటే మాత్రం నేను ఒప్పుకోను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నత్రజని ఎరువు చవకైంది. పాత రకాలకి ఆ మోతాదు వేస్తే ఏపుగా పెరిగి పడిపోయేవి. కాండం గట్టిగా ఉండే హైబ్రిడ్లు ఆ ఎరువుని తట్టుకున్నాయి, దగ్గర దగ్గరగా నాటినా తట్టుకున్నాయి. చేనంతా ఒకే ఎత్తున, ఒకేసారి ఎండటంతో కోత యంత్రాలు దిగాయి. విత్తనం, ఎరువు, యంత్రం ఒకదాన్నొకటి పట్టుకుని వచ్చాయి. ఎంత పండిందో చెప్పే లెక్కలో ఎంత నత్రజని వాగుల్లో కలిసిందో ఉండదు.

రీడ్ రకం సంగతి మీరన్నది నిజం. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం 1972లో విడుదల చేసిన బి73 అనే ఇన్‌బ్రెడ్ ప్రపంచం మొత్తం వాడుకుంది. దాని మూలాలు వెతికితే చాలావరకు రీడ్ రకం దగ్గరికే చేరతాం. అది ప్రభుత్వ డబ్బుతో తయారై ఎవరికైనా అందిన వంశం అన్నది కూడా మరవొద్దు.

తెనాలి_మాగాణి
ఈ ఒకేలా ఉండటం వల్ల నష్టమేం లేదా మేడమ్? తెగులొస్తే చేనంతా ఒకేసారి పోతుందిగా.

బీజశోధన
పోయింది. 1970లో పోయింది.

మగపూత చేత్తో లాగే ఖర్చు తప్పించుకోవాలని 1950ల నుంచి కంపెనీలు ఒక ఉపాయం పట్టుకున్నాయి. టెక్సస్‌లో దొరికిన ఒక వంశంలో మగపూత వస్తుంది గానీ పుప్పొడి పనిచేయదు. ఆ లక్షణం తల్లి వైపు నుంచి, కణంలోని మైటోకాండ్రియా ద్వారా వస్తుంది. దాన్ని ఆడ వంశాలన్నిటిలోకీ ఎక్కించేశారు. ఇక లాగాల్సిన పనే లేదు. 1970 నాటికి అమెరికా మొక్కజొన్నలో సుమారు 85 శాతం ఆ ఒక్క తల్లి మైటోకాండ్రియాతోనే పండుతోంది. ఫిలిప్పీన్స్‌లో 1960ల మొదట్లోనే ఈ రకానికి ఆకుమాడు తెగులు ఎక్కువ వస్తోందని అక్కడివాళ్ళు గమనించి రాశారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1970లో ఆ శిలీంధ్రంలో కొత్త తెగ ఒకటి ఫ్లోరిడా వైపు నుంచి మొదలై వానగాలులతో ఉత్తరానికి పాకింది. దేశం మొత్తం మీద పంటలో దాదాపు 15 శాతం పోయింది. దక్షిణాదిన కొన్ని చోట్ల సగానికి పైగా. పుప్పొడిని చంపే ప్రొటీన్ ఏదో, ఆ శిలీంధ్రం విషానికి దారి ఇచ్చేదీ అదే అని తర్వాత తేలింది. ఖర్చు తగ్గించిన గుణమే తెగులుకి తలుపు తెరిచింది. ఆ దెబ్బకి మళ్ళీ చేత్తో లాగడమే దిక్కయింది. గోదారిపిల్ల చూస్తున్న ఆ బస్సుల వెనక ఈ కథ కూడా ఉంది.

పాతగింజ
నేను రెండు పేరాల్లో చెప్పాలనుకున్నది ఈ ఒక్క సంఘటన చెప్పింది.

తెనాలి_మాగాణి
మరి మన దేశానికి ఎలా వచ్చింది?

బీజశోధన
అక్కడా వాలెస్ పాత్ర కాస్త ఉంది. 1940లో ఆయన మెక్సికో వెళ్ళి అక్కడి రైతుల మొక్కజొన్న చూసి వచ్చాక రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ అనే అమెరికా దాతృత్వ సంస్థని కదిలించాడు. 1943లో మెక్సికోలో వ్యవసాయ పరిశోధన మొదలైంది. హరిత విప్లవానికి పేరుపడ్డ శాస్త్రవేత్త బోర్లాగ్ గోధుమ పని కూడా ఆ గూటి నుంచే వచ్చింది. అదే ఫౌండేషన్ సాయంతో 1957లో మన అఖిల భారత సమన్వయ మొక్కజొన్న పథకం మొదలైంది. 1961లో గంగ 1, గంగ 101, రంజిత్, డెక్కన్ అనే హైబ్రిడ్లు వచ్చాయి. మన హైదరాబాద్ మొక్కజొన్న పరిశోధన కేంద్రం నుంచి తర్వాత డి.హెచ్.ఎం. అనే పేరుతో హైబ్రిడ్లు వచ్చాయి, డి.హెచ్.ఎం. 117 మీలో చాలామంది వేసే ఉంటారు.

కానీ ఇక్కడ అయోవాలా పదేళ్ళలో మారిపోలేదు. నాలుగు వంశాలు నిలబెట్టి, రెండేళ్ళు వరసగా కలిపి, ఊరూరా విత్తనం చేర్చే ఏర్పాటు అప్పట్లో మనకి లేదు. అందుకని 1967లో కాంపోజిట్ రకాలు కూడా విడుదల చేశారు. మంచి వంశాలు చాలా కలిపి స్వేచ్ఛగా కలవనిచ్చిన రకాలవి. దిగుబడి హైబ్రిడ్ అంత రాదు గానీ రైతు రెండు మూడేళ్ళు విత్తనం దాచుకోవచ్చు. 1990ల తర్వాత సింగిల్ క్రాస్‌లు రావడం, కోళ్ళ దాణాకి గిరాకీ పెరగడంతో లెక్క మారింది.

తెనాలి_మాగాణి
ఆ మారినదాన్లో మేమూ ఉన్నాం. మా దగ్గర వరి కోశాక మినుము వేసేవాళ్ళం. పల్లాకు తెగులు, బంగారుతీగ అనే కలుపు కలిసి మినుముని తినేశాయి. అప్పుడు వరి మళ్ళలోనే దున్నకుండా, తాడు పట్టుకుని కర్రతో గుంట చేసి మొక్కజొన్న గింజ వేయడం మొదలైంది. దున్నకం ఖర్చు లేదు, నేలలో ఉన్న తడి కలిసొస్తుంది. హైబ్రిడ్ లేకపోతే ఈ పద్ధతి గిట్టేది కాదు. అలాగని నీళ్ళూ యూరియా తక్కువేం తాగదు. కాలవ చివరి రైతు దీన్ని నమ్ముకోలేడు. 2018 తర్వాత కత్తెర పురుగు ఒకటి.

అంకాపూర్_పక్కూరోడు
నా మనసుల మాట ఒకటి చెప్త. మేం పండించే విత్తనం ఏ రకమో మాకు తెల్వది. సంచి మీద నంబరు ఉంటది గంతే. ఆడది ఏందో మగది ఏందో చెప్పరు. ఒక ఏడు ఓ కంపెనీ మగ విత్తనం లేటుగ ఇచ్చింది, ఆడ పీచు ఎండినంక మగపూత వచ్చింది, కంకి సగం బోడి. తప్పు నీదే అని పైసలు కోసిన్రు. మేం తీసిన గింజ రంగేసి సంచిల పడినంక, మళ్ళ మేమే దుకాణంల కొంటం. హైబ్రిడ్ మంచిదా చెడ్డదా అని కాదు నేననేది. దాన్ని తయారుచేసే చేతికి ఆ గింజ పేరన్న తెల్వాలె గద.

లెక్కలమాస్టారు
తమ్ముడూ, కంపెనీతో చేసుకునే కాగితంలో మగ విత్తనం ఏ తేదీకి ఇవ్వాలో, ఆలస్యమైతే నష్టం ఎవరిదో రాయించుకోండి. ఒక్కరుగా అడిగితే వినరు. ఊరంతా కలిసి, నాట్లకి ముందే అడగండి. నాటాక మీ చేతిలో ఏమీ ఉండదు.

మెట్టరైతు
అందరికీ చేతులెత్తి దండం. నిన్న రాత్రి నాన్నకి మొత్తం చదివాను. గింజలో ఏమీ కలపరన్నది ఒప్పుకున్నారు. రెండో ఏడు సగం బలం పోతుందన్నది మాత్రం "నా చేలో చూస్తే గానీ నమ్మను" అన్నారు. పోయినేడు హైబ్రిడ్ కంకులు కొన్ని అటక మీద ఉన్నాయి. ఈ రబీలో కొత్త సంచి పక్కనే నాలుగు సాళ్ళు అవి వేద్దామంటున్నారు. ఎలా వేస్తే లెక్క సరిగా తేలుతుంది?

బీజశోధన
తప్పకుండా వేయండి. నాలుగు సాళ్ళు పాతవి, నాలుగు కొత్తవి, మళ్ళీ నాలుగు పాతవి, నాలుగు కొత్తవి, ఇలా ఒకే నేలలో మార్చి మార్చి పెట్టండి. గట్టు పక్కన, నీడ పడే చోట వద్దు. రెండిటినీ ఒకే రోజు, ఒకే ఎడంతో నాటండి. మొలవని గుంటల్లో వారంలోపు మళ్ళీ గింజ పెట్టండి, లేకపోతే మొక్కల సంఖ్యలో తేడా వచ్చి లెక్క చెడుతుంది. పీచు వచ్చే రోజుల్లో నాన్నగారిని రోజూ ఒకసారి తిరగమనండి, తేడా మొదట అక్కడే కనిపిస్తుంది. కోతప్పుడు ప్రతి నాలుగు సాళ్ళలో నడిమి రెండే తీసుకోండి, చివర మొక్కలు వదిలేయండి. కంకులు తూచొద్దు. వలిచి, రెండూ ఒకేలా ఎండాక గింజ తూచండి. ఎకరానికి ఎన్ని కిలోల తేడా వస్తుందో చూసి, దాన్ని ఆనాటి మార్కెట్ ధరతో గుణించి, సంచి ఖరీదు పక్కన పెట్టండి. ఆ అంకె ఇక్కడ రాయండి, ఏదైనా సరే.